మరుగుచున్న ఇంజినునకు రెండు ప్రవాహముల పరీక్ష

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి మీదుగా ఎల్బీ నగర్ చేరునంతలో, వేసవి మధ్యాహ్నమున, బోరు పెంచిన యమహా ఆర్15 బండికి వేడి హెచ్చరిక దీపము వెలిగినచో, యజమాని నిందించునది కూలెంటును, తొందరపడిన మెకానిక్కు విప్పునది థర్మోస్టాటును. అంతకుముందే అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: బండి నిలిచినప్పుడు వేడెక్కుచున్నదా, పరుగెత్తునప్పుడా?

ఏలయన, ఇట్టి ఇంజినును కాపాడు ప్రవాహములు రెండు. లోపలిది కూలెంటు: వాటర్ పంపు నెట్టగా అది సిలిండరు జాకెట్టునందును హెడ్డునందును తాపమును గ్రహించి, థర్మోస్టాటు తెరచుకొనిన పిమ్మట రేడియేటరులో విడిచి మరలివచ్చును. వెలుపలిది గాలి. మన రద్దీలో నిలిచిన బండికి ఆ గాలిని అందించునది రేడియేటరు ఫ్యాను.

కావున సిగ్నల్ వద్ద కాగి, హయత్‌నగర్ దాటి విజయవాడ రహదారిపై గాలి తగులగనే చల్లబడినచో, ఫ్యాను మోటారును, ఫ్యూజును, రిలేను, దుమ్ము నిండిన రేడియేటరు రెక్కలను చూడవలెను. వేగమునందే తాపము పెరిగినచో దోషము తరచుగా లోపలి ప్రవాహమునందుండును. బోరు పనికై సిలిండరు విప్పిన బండిలో మొదట శంకింపవలసినది ఎయిర్ లాకు, అనగా కూలెంటు దారిలో చిక్కుకొనిన గాలి. చల్లని ఇంజినుపై రేడియేటరు క్యాపు తీసి, బండిని అటునిటు వంచుచు, బుడగలు ఆగువరకు నెమ్మదిగా కూలెంటు నింపవలెను. ఇంజిను నడచుచుండగా బుడగలు ఎంతకును ఆగనిచో, దహనవాయువులు హెడ్ గాస్కెట్టును దాటుచున్నవేమో పరీక్షింపవలెను. పంపు అడుగునగల చిన్న రంధ్రమునుండి కూలెంటు కారినచో సీలు అరిగినట్లే. బోరుబావి నీరు పోసిన బండిలో జాకెట్టు గోడలకు సున్నపు పొర పట్టి, వేడి కూలెంటునకు చేరకుండ అడ్డుపడును.

థర్మోస్టాటును పీకివేయుట చికిత్స కాదు. వేడినీటిలో ముంచినచో అది తెరచుకొనుచున్నదో లేదో తెలియును. క్యాపును ఉపేక్షింపరాదు. 1.1 బార్ ఒత్తిడిని నిలుపు క్యాపు నీటి మరుగుస్థానమును 100 నుండి ఇంచుమించు 120 డిగ్రీలకు పెంచును. రబ్బరు అరిగినచో ఆ రక్షణ నశించును. ఆ ఒత్తిడియే ప్రమాదహేతువు కూడ. అందుచే, మిత్రులారా, ఎంత తొందరయున్నను వేడి ఇంజినుపై క్యాపు తిప్పకుడు. రేడియేటరు చేతికి చల్లగా తగులువరకు ఆగుడు.