రాత్రిబడి: నేను నేర్చిన పాఠము



పదునారేండ్ల పిల్లవాడు ఊరికి సేవ చేయుదునని ముందునకు వచ్చినయెడల పెద్దలు సాధారణముగా రెండు మాటలందురు. "వీనికేమి తెలియును?" అని కొందరు; "పోనిండు, వీనికి ప్రొద్దుపోవును" అని కొందరు. ఈ రెండు మాటలును నేను విన్నవాడనే. అందుచేత ఆ వయస్సున నేను చేసిన యొక చిన్న పనిని, అందు జరిగిన నా తప్పును మీ యెదుట చెప్పుకొనదలచితిని.

అది 1991వ సంవత్సరము. ఆ యేటి జనాభా లెక్కలనుబట్టి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు నిండినవారిలో చదువ వ్రాయ నేర్చినవారు నూటికి 44 మంది. స్త్రీలలోనైతే నూటికి 33 మందియే. నిరక్షరాస్యతను తొలగించుటకై 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడెను. 1990లో కేరళమందలి ఎర్నాకుళము జిల్లా సంపూర్ణాక్షరాస్యత సాధించినట్లు ప్రకటింపబడెను. ఆ త్రోవనే మా నెల్లూరు జిల్లాలో "అక్షర దీపము" అను ఉద్యమము సాగెను. కళాజాతాలవారు ఊరూర తిరిగి పాటలతోను, నాటికలతోను జనులను పిలిచిరి. సుమారు పదిమందికి ఒక బోధకుడు. చదువవలసిన వాచకములు మూడు. బోధకునకు జీతము లేదు. ఇంటర్మీడియెట్ చదువుచున్న నేనును నా పేరు వ్రాయించుకొంటిని.

మా బడి యొక పూరింటి పంచ. పగలెల్ల కూలికి పోయి, వచ్చి వంటచేసి, బిడ్డలను నిద్రపుచ్చి, రాత్రి ఎనిమిది గంటలకు పదిమంది స్త్రీలు పలకలతో లాంతరు చుట్టును కూర్చుండెడివారు. ఆ చదువు ప్రధానముగా 35 ఏండ్లకు లోబడినవారికై యేర్పడినది. అయినను లెక్కకు చేరని పదునొకండవ మనిషి యొకామె ప్రతిదినమును అందరికంటె ముందు వచ్చెడిది. ఆమె అరువదేండ్ల అవ్వ.

"ఈ వయసులో నీకు చదువెందుకవ్వా?" అని యడిగితిని.

"తెలియక ఒక కాగితం మీద వేలు పెట్టాను నాయనా. అర ఎకరం పోయింది. నా పేరు రాయటం నేర్పు, చాలు. ఇంక వేలు పెట్టను" అనెను.

ఆ మాట విన్నవాడు ఆమెయెడ ఎంత యోర్పు చూపవలెను! నేను చూపలేదు. పదునైదు దినములైనను ఆమె 'న'కారమును తిరుగవేసియే వ్రాయుచుండెను. ఒకనాటి రాత్రి విసిగి, "ఆరేళ్ల పిల్లలు ఇంతకంటె బాగా రాస్తారు" అని నవ్వితిని. నాతో తక్కినవారును నవ్విరి. అవ్వ యేమియు ననలేదు. పైటకొంగుతో పలకను తుడిచి, గోడకానించి వెడలిపోయెను. మరునాడు రాలేదు. మూడవనాటికి బడిలో మిగిలినవారు నలుగురే. ఆమెను నవ్విన నోటితో తమ్మును నవ్వనని తక్కినవారికి నమ్మకమేమి?

నాకు సిగ్గునకు మారుగా కోపము వచ్చెను. "వీళ్లకు శ్రద్ధ లేదు" అని యింట చెప్పితిని. మా తాతగారు చుట్ట ప్రక్కన బెట్టి, "దినమంతా బురదలో వంగి, రాత్రి వచ్చి పలక పట్టుకోవటం శ్రద్ధ కాకపోతే మరేమిటిరా? పదిమందిలో నవ్వావు కనుక పదిమందిలో తప్పు ఒప్పుకొని రా" అనిరి.

తెల్లవారి పొలమునకు పోయితిని. నాట్లు వేయుచున్నారు. అవ్వ మోకాలిలోతు బురదలో నుండెను. గట్టుపై నిలిచి, "అవ్వా, తప్పు చేశాను" అంటిని. ఆమె తల యెత్తక, "గట్టు మీద నిలబడి చెప్తే వినపడదులే, దిగు" అనెను.

దిగితిని. నాచేతికి ఒక నారుకట్ట యిచ్చెను. నేను నాటిన వరుస వంకర. నాటిన మొక్కలు నీటిపై తేలినవి. పడుచులు పకపక నవ్విరి. అవ్వ వారిని కసరి, "నవ్వకండే. చేయి తిరగలేదు, అంతే" అని, నా వ్రేళ్లు పట్టుకొని, బొటనవ్రేలితో మొదలును బురదలోనికి నొక్కుట చూపెను. బోధించుట యెట్లో ఆ దినమున నేర్చితిని.

ఆ రాత్రి అవ్వ వచ్చెను, తక్కినవారును వచ్చిరి. అది మొదలు ముందుగా ఒక్కొక్కరిని, "నీవేమి చదువగోరెదవు?" అని యడిగితిని. ఒకామెకు బస్సుపై నున్న ఊరి పేరు కావలెను. ఒకామెకు కూలి లెక్క. ఒకామెకు దూరముననున్న కుమారుని జాబు. వాచకముతోపాటు ఆ మాటలనే పలకపై వ్రాసి నేర్పితిని. చదువు వేగిరమయ్యెను.

పదిమందిలో ఆరుగురు మూడవ వాచకము ముగించిరి. అవ్వ మొదటిది దాటలేదు. కాని యొకనాడు అప్పు కాగితముపై వ్రేలిముద్ర వేయుమనగా, ఆమె సిరాడబ్బీని ప్రక్కకు నెట్టి, ఆ కాగితమును నాచేత రెండుమారులు చదివించుకొని, పిమ్మట నెమ్మదిగా తన పేరు వ్రాసెను. సంతకముకంటె ఆ చదివించుకొనుటయే ఆమె నేర్చిన అసలు చదువు.

మా జిల్లా స్త్రీలు అక్షరములతో ఆగలేదు. వాచకమందలి పాఠములను తమ యిండ్ల బాధలతో పోల్చుకొనిరి. దూబగుంట గ్రామమున స్త్రీలు కూడి సారాయి యంగడిని మూయించిరి. 1992లో ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడెను.

ఒక నిజమును దాచరాదు. కార్యక్రమము ముగియగనే మా పంచలోని లాంతరు ఆరెను. చదువుటకు వేరు పుస్తకములు లేవు. వాడుక లేని యక్షరము దున్నని చేను వంటిది. కొన్నియేండ్లకు నా శిష్యురాండ్రలో నిద్దరు మరల వ్రేలిముద్రకు వచ్చిరి. ఆరంభించువారికి కేకలు కావలెను; నిలుపువారికి ఓపిక కావలెను. ఆ ఓపిక ఊరిపెద్దలయందే యుండును.

కావున మీకు నా మనవి యిది. 2022లో ఆరంభమైన నవభారత సాక్షరతా కార్యక్రమమునను బోధకులు స్వచ్ఛందసేవకులే. మీ యూర నొక బాలుడో, బాలికయో అట్టి పనికి వచ్చినయెడల ప్రొద్దుపోకకని తలపకుడు. కూర్చుండ చోటు, వెలుగుటకు దీపము, చదువుటకు పత్రిక సమకూర్పుడు. ఆ పిల్లలు తప్పు చేయుదురు. అప్పుడు పని మాన్పింపక, మా తాతగారివలె తప్పు దిద్దుకొనుటకు పంపుడు. నా చిన్న సేవవలన ఊరికి కలిగిన మేలు కొలది. ఊరివలన నాకు కలిగిన మేలు పెద్దది.