‘అన్నారు’ చాలదా?



రాజకీయ వార్తల్లో ఇప్పుడు ఎవరూ మామూలుగా మాట్లాడరు. నిప్పులు చెరుగుతారు, ధ్వజమెత్తుతారు, దుమ్మెత్తిపోస్తారు. ‘అన్నారు’ అనే మాట మా వాళ్లకు చప్పగా తోస్తోంది. బడ్జెట్‌పై చర్చ జరిగితే ఎవరు ఎవరిని తిట్టారన్నది పతాక శీర్షిక అవుతుంది. బడులకు, ఆసుపత్రులకు ఎంత కేటాయించారో లోపలి పేజీల్లో వెతుక్కోవాలి.

ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి సంపాదకుడిగా నార్ల వెంకటేశ్వరరావు గారు పత్రికల్లో వాడుక భాషకు పెద్దపీట వేశారు. సామాన్యుడికి విషయం తెలియడానికే ఆ భాష. తిట్లు మోయడానికి కాదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో పత్రిక చదివించేటప్పుడు ఆ క్రియలన్నీ కొట్టేయించి ‘అన్నారు’ అని రాయించండి. ఇంతకీ ఏమన్నారని అడగండి. వార్తలో విషయం ఉందో లేదో పిల్లలే తేల్చేస్తారు.