ఇంటిలోని కొండ



ఇంటిలోపల కొండ యెక్కుట యనిన మీలో కొందఱికి నవ్వు రావచ్చును. మొదట నాకును వచ్చినది. కాని 20 ఏండ్లుగా నేనీ విద్య నభ్యసించుచున్నాను.

ఇంగ్లండునందలి లీడ్సు విశ్వవిద్యాలయమున 1964 లో డాన్ రాబిన్‌సన్ అను వ్యాయామోపాధ్యాయుడు ఒక నడవగోడలో రాళ్లు పొదిగించి, విద్యార్థులు కప్పుక్రిందనే సాధన చేయుటకు వీలు కల్పించెను. నేడు పలుదేశములందు ఇట్టి శాలలు వెలసినవి. 2021 లో టోక్యోనగరమున జరిగిన ఒలింపిక్ పోటీలలో గోడ యెక్కు విద్యకు మొదటిసారి స్థానము లభించెను.

శాలలలో పొట్టిగోడలు, పొడుగుగోడలు నుండును. పొట్టిగోడ క్రింద మందమైన పరుపులు పఱతురు. అచ్చట త్రాడు లేకయే యెక్కుదురు. పొడుగుగోడకు త్రాడు కావలెను. త్రాటితో ఎనిమిది యంకెవంటి ముడి వేసి, కొసను నడుముపట్టీలో దూర్చి, వచ్చిన దారినే మరల త్రిప్పి బిగింపవలెను. ఆ త్రాడు పైనున్న కొక్కెము మీదుగా దిగి, నేలపై నిలిచిన తోడువాని యొద్దకు వచ్చును. పైవాడు జాఱినచో క్రిందివాడు నిలుపును. తాడి యెక్కువానికి మోకెట్టిదో వీనికి త్రాడట్టిది. అయితే ఇచ్చట ప్రాణము రెండవవాని చేతిలో నుండును.

క్రొత్తవారు చేతులతో శరీరమును పైకి లాగికొనజూచి త్వరగా నలయుదురు. నేర్చినవారు కాళ్లపై బరువు నిలిపి, చేతులకు విశ్రాంతి నిత్తురు. కాని నేర్చినవారికి వేఱొక యపాయము కలదు, అది మఱపు. అమెరికాదేశస్థురాలగు లిన్ హిల్ ఈ విద్యలో లోకప్రసిద్ధురాలు. 1989 లో ఫ్రాన్సుదేశమున నొక కొండపార్శ్వము నెక్కునపుడు ఆమె ముడి పూర్తిచేయ మఱచెను. పైకి చేరి త్రాటిపై భారము మోపగనే ముడి యూడి, 20 మీటర్లకు పైగా క్రిందపడెను. చెట్టుకొమ్మలు తగులుటచే బ్రతికెను.

అందుచేతనే యెక్కుటకు ముందు ఒకరి ముడి నొకరు చూచుకొనుట శాలలలో నియమము. ఒకనాడు 16 ఏండ్ల బాలుడు నాకు తోడుగా నిలిచెను. "అయ్యా, మీ ముడి చూడవలెను" అనెను.

"నీవు పుట్టకమునుపే నేనీ ముడి నేర్చితిని" అని కసరితిని.

బాలుడు మాఱు పలుకలేదు, త్రాడును పట్టలేదు. విసుగుతో వంగి చూచితిని. త్రాటి కొస సగము దారియే తిరిగి యుండెను. నా గుండె ఝల్లుమనెను. ముడి విప్పి, మొదటినుండి కట్టి, "ఇప్పుడు చూడుము నాయనా" అని చూపితిని. వాడు వ్రేలితో మడత మడతయు తడవి చూచి, తల యూపెను.

నాటినుండి నా తోడు ఎంత చిన్నవాడైనను, ముడి చూపిన పిదపనే గోడపై చేయి వేయుచున్నాను.