అంటుకొనని ఇంజను

స్టేషన్ ఘన్‌పూర్ అను పేరు వినగానే శ్రోతలకు రైలు స్ఫురించుట సహజము. కాజీపేటకును సికింద్రాబాదునకును నడుమ నున్న రైలు స్టేషనే మా ఊరిపేరునకు ముందు చేరి స్థిరపడినది. నైజాము రైలుమార్గము 1889లో బెజవాడ వరకు సాగిన పిమ్మట ఈ దారిని ఆవిరి ఇంజనులు, తరువాత డీజిలు ఇంజనులు నడచినవి. నేడు విద్యుత్తు ఇంజనులు నడచుచున్నవి. అయితే నేను ముచ్చటింప దలచినది ఆ పెద్ద ఇంజనులను గురించి కాదు. ఒక మనిషి వీపున వేసికొని చెలకలోనికి పోగల ఇంజనును గురించి, అది మొరాయించినప్పుడు దానిని బాగుచేయు పనిని గురించి. చిరకాలము వరంగల్లు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో జనగామ జిల్లాలో చేరిన ఈ ఊరిలో నేను ఆ పనియే చేయుచున్నాను.

మా దుకాణమునకు వచ్చిన యంత్రములను చూచినచో పొలములో ఏ పని నడచుచున్నదో చెప్పవచ్చును. వానాకాలమున మొదట కలుపు తీయు యంత్రములు వచ్చును. పత్తి పూతకు వచ్చునప్పటికి మందుకొట్టు పంపులు బారులు తీరును. వీనిని మావైపు తైవాన్ పంపులందురు. ఏ దేశమున తయారైనను పేరు మాత్రము అదియే. గట్లమీద గడ్డి ఏపుగా పెరిగినప్పుడు బ్రష్ కట్టర్లు, పెండ్లిండ్ల రోజులలో జనరేటర్లు వచ్చును. ఎండాకాలమున కొన్నాళ్ళు ఎవరును రారు. నిజమునకు యంత్రములు చూపించుకొనవలసినది అప్పుడే. కాని పనిలేని నాడు ఇంజను ఎవరికిని జ్ఞాపకముండదు.

మా పెద్దల కాలమున ఇంజను అనిన బావిగట్టుమీది ఆయిల్ ఇంజనే. అంతకుముందు ఎడ్లను తోలి మోటతో నీరు తోడెడివారు. అయిదు గుర్రముల బలము గల ఇంజను వచ్చి ఆ శ్రమను తీర్చినది. దానిలో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పదునారవ వంతునకో, పదునెనిమిదవ వంతునకో నొక్కగా పుట్టిన వేడిమికే డీజిలు తుంపర మండును. జర్మనీలో రుడాల్ఫు డీజిలు 1897లో విజయవంతముగా నడిపి చూపిన యంత్రము దీనికి మూలము. మీట ఎత్తిపట్టి, హ్యాండిలు తిప్పి, చక్రము వేగము అందుకొనగానే మీట విడిచినచో దుక్కు దుక్కుమని అది పలుకు పలుకు ఊరంతయు వినవచ్చెడిది. ఎవరి బావి పారుచున్నదో ఆ చప్పుడునుబట్టి ఇంటికడ నుండియే పోల్చుకొనెడివారు.

పిమ్మట ఊరూర కరెంటు మోటార్లు వచ్చినవి. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభమైనది. దేవాదుల ఎత్తిపోతల పథకముతో గోదావరి నీరు మా ఘన్‌పూరు జలాశయమునకు ఎక్కి వచ్చినది. బావిగట్టు ఇంజను పాత ఇనుము కొట్టునకు చేరినది. ఇక ఇంజను మెకానిక్కునకు పని యుండదని అందరును అనుకొనిరి. కాని కూలీలు దొరకుట కష్టమైనకొలదిని, గట్టుమీదినుండి దిగిపోయిన ఇంజను మరియొక రూపమున రైతు వీపుమీదికి ఎక్కినది.

ఇక పని సంగతి. ఒక ఉదయము ఒక పెద్దాయన పంపు మోసికొని వచ్చి బల్లమీద దించెను.

“గుంజి గుంజి రెక్క పడిపోయింది బిడ్డా. అంటుకుంటనే లేదు.”

“ఎప్పటిసంది బాపూ?”

“నిన్న పగటీలి దాక మంచిగనే నడిసింది. దించి బువ్వ తిన్న. మళ్ల గుంజితే లేదు.”

రోగము సగము ఆ మాటలలోనే తెలిసినది. వేడిమీద నున్న ఇంజనును తిరిగి నడుపునప్పుడు ఆయన అలవాటు చొప్పున చోకు మూసియుండెను. చల్లని ఇంజనునకు పెట్రోలు పాలు ఎక్కువ కావలెను గనుక చోకు మూయుదురు. వేడి ఇంజనునకు అది అక్కరలేదు. మూసి లాగినకొలది లోపల పెట్రోలు నిండి ప్లగ్గు తడిసి ముద్దయై నిప్పు రాదు. నేను ప్లగ్గు విప్పి తుడిచి, చోకు తెరచి, లోపలి పెట్రోలు పోవునట్లు నాలుగుమారులు తాడు లాగి, పొడి ప్లగ్గు బిగించితిని. రెండవ లాగునకు ఇంజను అంటుకొన్నది. కొత్త వస్తువేదియు వేయలేదు. పెద్దాయన మాత్రము అప్పటికి ఒకపూట మందు కొట్టుట మానుకొని, రాత్రియంతయు దిగులుపడి, తెల్లవారగనే నాలుగు మైళ్ళు వచ్చెను.

చిన్న ఇంజను నడచుటకు కావలసినవి మూడే: తగిన పాళ్ళలో పెట్రోలు, గాలి, సమయమునకు నిప్పు, సిలిండరులో బిగువు. బిగువును తాడు చెప్పును. లాగునప్పుడు చేతికి ఎదురు తగులవలెను. బట్టలో నుండి దారము లాగినట్లు వదులుగా వచ్చినచో రింగులో సిలిండరో అరిగినవని తలంపవచ్చును. మిగిలిన రెంటిని ప్లగ్గు చెప్పును. దాని మొన ఇటుకరంగున ఉన్నచో ఇంజను ఆరోగ్యముగా నున్నది. నల్లని మసి యున్నచో పెట్రోలో నూనెయో ఎక్కువైనది, లేక గాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినది. పొడిగా నున్నచో పెట్రోలు అసలు చేరుటలేదు. సున్నము కొట్టినట్లు తెల్లగా ఉన్నచో జాగ్రత్త పడవలెను. లోపల పెట్రోలు తగ్గి గాలి ఎక్కువై వేడి మితిమీరుచున్నది. పెట్రోలు ఒకపాలు పూర్తిగా మండుటకు తూకమున సుమారు పదునైదు పాళ్ళ గాలి కావలెనని లెక్క. ఈ లెక్క తప్పినచో ఇంజను కొంతకాలము ఓర్చుకొనును, పిమ్మట పట్టివేయును.

మందుకొట్టు పంపులలో అధికభాగము రెండు స్ట్రోకుల ఇంజనులు. వీనిలో నూనెకు వేరు తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే లోపలి భాగములను తడుపవలెను. ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పుడు పిస్టను సెకనునకు 100 మారులు పైకి పోయి క్రిందికి వచ్చును. ప్రతి మారును లోపల ఒక మంట. అంతటి వేగమున లోహమునకు లోహము నేరుగా తగిలినచో ఏమగునో ఊహింపవచ్చును. నలుబదింట ఒక పాలు కలుపుమని వ్రాసియున్న యంత్రమునకు లీటరు పెట్రోలులో 25 మిల్లీలీటర్ల నూనె పోయవలెను. ఇరువదియైదింట ఒక పాలైనచో 40 మిల్లీలీటర్లు. మావాండ్రలో పలువురు దీనిని కంటితో కొలుతురు. ఒకరు రెండు మూతలందురు, మరియొకరు పెట్రోలు రంగు మారువరకు పోయవలెనందురు. ఇంటిలో పసిపిల్లలకు దగ్గు మందు పోయు చిన్న కొలత మూతలుండును. ఖాళీ సీసా మూత ఒకటి పంపునకు త్రాటితో కట్టుకొనుడని నేను చెప్పుచుందును. కొందరు నవ్వి ఊరకుందురు, కొందరు కట్టుకొందురు.

ఈ మధ్య మరియొక చిక్కు వచ్చినది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళ ఇథనాలు కలుపుట వ్యాపించినది. చెరకు, ధాన్యములనుండి తీయు ఈ ఇథనాలునకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. దినదినము నడచు బండిలో దీనివలన అంత బాధ యుండదు, పెట్రోలు ఎప్పటికప్పుడు ఖర్చగును. కాని పంపు పత్తి ముగియగానే మూలకు చేరి నెలలతరబడి ఉండునది. టాంకీలో మిగిలిన పెట్రోలు తేమను పీల్చగా నీరును ఇథనాలును కలిసి అడుగునకు దిగును. కార్బొరేటరులోని సన్నని రంధ్రములు పూడును. పాత రబ్బరు గొట్టములు ఉబ్బి మెత్తబడును. మరుసటి ఏడు నిరుటి పెట్రోలుతోనే తాడు లాగుదురు. కావున పని ముగిసిననాడు టాంకీ ఖాళీ చేసి, ఇంజను తనంతట ఆగువరకు నడపి కార్బొరేటరును ఎండబెట్టవలెను. ప్లగ్గు రంధ్రములో నాలుగు చుక్కల నూనె వేసి, తాడును మెల్లగా రెండుమారులు లాగి, ప్లగ్గు బిగించి ఉంచవలెను. ఇందుకు పావుగంట చాలును.

ఇన్ని చెప్పుచున్న నేను చేసిన తప్పు నొకదానిని దాచుట న్యాయము కాదు. దుకాణము పెట్టిన క్రొత్తలో ఒక కౌలురైతు పట్టివేసిన పంపు తెచ్చెను. విప్పి చూడగా పిస్టను గీరుకొనిపోయియున్నది. నూనె తక్కువ కలిపినాడని తీర్మానించి ఆయనను నాలుగు మాటలు కూడ అంటిని. కొత్త పిస్టను, రింగులు, సిలిండరు వేసితిని. ఇంజను గంటవలె మ్రోగినది. మూడవనాటికి అదే పంపు, అదే విధముగా పట్టివేసి, తిరిగి నా బల్లమీదికి వచ్చినది. ఈమారు తలవంచుకొని మొత్తము విప్పితిని. తిరుగుడు కడ్డీ కొసనుండు రబ్బరు సీలు ఎండి గట్టిపడి యున్నది. ఆ సందునుండి ఇంజను బయటిగాలిని పీల్చుచు, పెట్రోలు పాలు పలుచనై, లోపల కాగిపోవుచున్నది. మొదటి ప్లగ్గు తెల్లగానే యుండెను. నేను చూచియు చూడనైతిని. నూనె ఆయన సరిగానే కలిపియుండెను.

రెండవమారు పనికి పైకము తీసికొనలేదు, వస్తువుల ఖర్చును నేనే భరించితిని. అయినను చేనిలో పచ్చదోమ నా కొరకు ఆగదు గదా. ఆయనకు మొత్తము మీద ఆరుదినములు పోయినవి. 1997-98లో ఈ వరంగల్లు ప్రాంతమున పత్తికి పురుగు పట్టి, కొట్టిన మందు పనిచేయక, అప్పులు తీరక ఎందరో రైతులు ప్రాణములు తీసికొన్నారు. ఆ సంగతి ఎరిగినవానికి పత్తిచేనిలో ఆరుదినములన్న మాట తేలికగా తోచదు. ఆ మనిషి నన్ను తిట్టలేదు. తిట్టియున్నచో నాకు కొంత తేలికగా ఉండెడిది.

నాటినుండి వస్తువు మార్చుటకు ముందు కారణము అడుగుట నేర్చితిని. కాని ఇక్కడ మా వృత్తిలో ఒక చిక్కు ఉన్నది. దానిని వాడుకదారులు గ్రహించుట మేలు. కొత్త కాయిలు వేసినచో రైతునకు అది కంటికి కనబడును, ధర ఇచ్చును. గంటసేపు వెదకి, ఊడిన తీగ నొకదానిని తగిలించి నడపినచో, “ఏం వెయ్యలేదు గదా” అని వెళ్ళిపోవును. వెదకుటకు కూలి లేని చోట వెదకువారు తగ్గుదురు, మార్చువారు పెరుగుదురు. సికింద్రాబాదు రాణీగంజునుండి వస్తువు తెచ్చి వేయుట తేలిక. అవసరము లేదని చెప్పుటకే మనసు గట్టిపడవలెను. మెకానిక్కులందరును మోసగాండ్రని అనుకొనువారు ఈ లెక్కను కూడ ఒకమారు చూడవలెను.

ఈ పని నేర్వగోరు పిల్లలకు ఐ.టి.ఐ.లలో డీజిలు మెకానిక్కు శిక్షణ కలదు. దేశమున ఈ చేతిపనుల శిక్షణ పథకము 1950లో ఆరంభమైనది. పానా పట్టుట అక్కడ వచ్చును. చెవి మాత్రము దుకాణములోనే పదునెక్కును. అపాయములును తెలియవలెను. డీజిలు ఇంజెక్టరును పరీక్షించునప్పుడు దాని ముందు వేలు పెట్టరాదు; ఆ తుంపర చర్మమును చీల్చుకొని లోనికి పోవును. తలుపులు మూసి ఇంజను నడపరాదు; ఆ పొగలో రంగును వాసనయు లేని విషవాయువు కలదు. మాకు నిత్యము ఎదురగు అపాయము ఇంకొకటి. పురుగుమందు అడుగంటిన పంపును అట్లే తెచ్చి ఇచ్చుచుందురు. బావులకు, చెరువులకు దూరముగా మూడుమారులు నీటితో కడిగి తెచ్చినచో మా చేతులు మాకు మిగులును. బ్యాటరీ పంపులు వచ్చినవి, మందు చల్లు డ్రోనులును వచ్చుచున్నవి. తైవాన్ పంపు ఎంతకాలముండునో గాని, ఉన్నంతకాలము దానిని విప్పువాడొకడు కావలెను.

క్రిందటి ఏడు మా దుకాణమున ఒక పలక వ్రేలాడదీసితిని: పరీక్షకు 50 రూపాయలు, మార్చిన పాత వస్తువులు యజమానికే ఇవ్వబడును. పలక చూచి వెనుదిరిగినవారును ఉన్నారు. చోకు మూసి రెక్క పోగొట్టుకొన్న ఆ పెద్దాయన మొన్న మరల వచ్చెను. ఈమారు ప్లగ్గు నిజముగానే చెడినది, మార్చితిని. ఆయన పలకవైపు చూచి, “చూసినందుకు గూడ పైసలా బిడ్డా?” అనెను.

“చూసుడే నా పని బాపూ.”

ఆయన కొంతసేపు ఊరకుండి, నడుమున దోపుకొన్న సంచి విప్పి, లెక్కపెట్టి ఇచ్చెను. పంపు వీపున ఎక్కించుకొని రెండడుగులు వేసి మరల వెనుకకు తిరిగెను.

“ఆ పాత పిలగ్గు ఇటియ్యి. నల్లగైతే ఎట్లుంటదో మా మనుమనికి చూపిస్త.”

దానిని కాగితములో చుట్టి ఆయన చేతికి ఇచ్చితిని.