అంగడి చిట్టాలో తెలుగు
(తెలుగు వర్తకుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను న్యాయవాదిగా పిలిచారు. కానీ నేను పెరిగింది డెంకణికోటలో, బట్టల అంగడి ఇంట్లో. తాతగారు పెట్టిన ఆ అంగడిని నేడు మా అన్నగారు నడుపుతున్నారు.

చిన్న ఊరి బట్టల వ్యాపారం కష్టం మీకు తెలియనిది కాదు. అమ్మకాలలో పెద్దపాలు దీపావళిది, ఉగాదిది, పెండ్లి ముహూర్తాలది. సరుకు మాత్రం ముందే తేవాలి. ఈరోడు సంతలో పంచెలు, దుప్పట్లు, ఇళంపిళ్ళైలో చీరలు, బెంగుళూరు చిక్కపేటలో సూరతు సరుకు. టోకు వర్తకునికి గడువు లోపల చెల్లించాలి. మన గిరాకీ రాగులు అమ్మినాకనో, పట్టుగూళ్లు అమ్మినాకనో ఇస్తాడు. ఈ రెండు గడువుల నడుమనున్న బరువును మోసేది అరువు పద్దు. హొసూరులో పెద్ద దుకాణాలు వెలసి, ఫోనులోనే చీరలు కొనే కాలం వచ్చినా మన అంగళ్లు నిలిచి ఉన్నవంటే ఆ అరువు వల్లనే. "మొన్నటి రవికె గుడ్డ సరిపోయిందా అమ్మా" అని అడిగే మాట వల్ల కూడా.

ఆ మాట తెలుగు. మొన్నటిదాకా పద్దు కూడా తెలుగే. తాతగారి చిట్టాలు, ఆవర్జాలు ఇంకా అటక మీద ఉన్నాయి. పాత పుటలలో గజాలు, అణాలు. తరువాతి వాటిలో మీటర్లు, నయాపైసలు. ఎవరింట ఏ పెండ్లికి ఎన్ని చీరలు పోయాయో, ఏ ఏడు పంట పోయి బాకీ నిలిచిందో అన్నీ ఉన్నాయి. అన్నగారి కొడుకు తెలుగు చక్కగా మాట్లాడతాడు, ఆ పుస్తకంలో ఒక్క పేరూ చదవలేడు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతికి తమిళాన్ని తప్పనిసరి మొదటి భాషగా చేసింది. అతడు ఆ తరంవాడు. తమిళం చదవడం మంచిదే, మన గిరాకీలలో ఎందరో తమిళులు. బడిలో తెలుగుకు చోటు పోయిందన్నదే నా బాధ.

బడి సంగతి కోర్టులలో నలుగుతున్నది. అంగడి సంగతి మన చేతిలోనే ఉన్నది. "బోర్డు మీద తెలుగు రాస్తే జరిమానా వేస్తారట కదా?" అని నన్ను తరచుగా అడుగుతారు. వేయరు. తమిళనాడు దుకాణాలు, సంస్థల నియమాలలో (1948) 15వ నియమం కోరేది బోర్డు తమిళంలో ఉండాలని, ఇతర భాషలు ఉంటే అవి తమిళం కింద ఉండాలని. కర్ణాటకలో 2024 సవరణ చట్టం బోర్డులో 60 శాతం కన్నడానికి అడుగుతుంది, మిగిలిన చోట తెలుగు రాసుకోవచ్చు. మహారాష్ట్రలో 2022 సవరణ ప్రకారం మరాఠీ అక్షరాలు తక్కినవాటికంటే చిన్నవి కారాదు. ఈ మూడింటిలో ఏదీ తెలుగును తుడిపివేయమనలేదు. ముందుగా తుడుపుకున్నది మనవాళ్లే, ఇంగ్లీషుకు మాత్రం చోటు దొరికింది!

ఇక అరువు. గడువు పెట్టకుండా అమ్మిన సరుకు ధరకు దావా వేయడానికి, 1963 కాలపరిమితి చట్టం ప్రకారం, సరుకు అందించిన నాటినుండి 3 సంవత్సరాలే వ్యవధి. ఆ లోపల గిరాకీ బాకీని ఒప్పుకొంటూ రాతపూర్వకంగా సంతకం చేస్తే, ఆనాటినుండి లెక్క మళ్లీ మొదలు. ఆ రాత ఫలానా భాషలో ఉండాలని 18వ సెక్షను చెప్పదు. తెలుగులో రాసినదీ చెల్లుతుంది, కోర్టుకు పోతే అనువాదం జతపరుస్తాము. క్రమం తప్పక రాసిన లెక్కల పుస్తకం కూడా సాక్ష్యమే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమం 28వ సెక్షను చూడండి. అయితే పుస్తకం ఒక్కటే చాలదు, అందుకే సంతకం. తెలుగు చదవగలవారికి తెలుగులో, తమిళం చదివినవారికి తమిళంలో రాయండి. చదివి పెట్టిన సంతకాన్ని "తెలియక పెట్టాను" అని తప్పించుకోవడం కష్టం.

15వ నియమం నకళ్లు, బాకీ ఒప్పుకోలు పత్రం తెలుగు నమూనా ఈ బల్ల మీద ఉంచాను, తీసుకువెళ్లండి. దీపావళి సరుకుకు ఈరోడు బండి ఎక్కే లోపల, మూడేండ్లు నిండబోతున్న పద్దులన్నింటికీ సంతకాలు చేయించండి.