సమాచార సంక్షేపము – నిఘంటు పద్ధతి

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మనలో పెద్దలు పలువురు ఒకప్పుడు పెండ్లిండ్లకు, పండుగలకు తంతివార్తలు పంపినవారే. తంతి కార్యాలయమున శుభాకాంక్షలకు సంఖ్యల పట్టిక యుండెడిది. మనము కోరిన వాక్యమునకు బదులు దాని సంఖ్య మాత్రమే తంతిమీద పోయెడిది. అవతలి గుమాస్తా పట్టిక చూచి పూర్తి వాక్యమును వ్రాసి యిచ్చెడివాడు. 2013 జూలైలో ఆ సేవ ముగిసినది గాని, అందలి యుక్తి నేటి కంప్యూటర్లలో నిలిచియున్నది.

ఆ యుక్తికి ఒక కొరత కలదు. పట్టిక రెండు చోట్లను ఉండవలెను; పట్టికలో లేని మాటకు అది పనికిరాదు. 1977లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు జేకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ ఈ కొరతను తీర్చిరి. వారి ఉపాయమువంటిది మన కీర్తనల పుస్తకములందు కలదు. పల్లవిని ఒకసారి పూర్తిగా అచ్చువేసి, ప్రతి చరణము చివరను దాని మొదటి మాటను మాత్రమే వేయుదురు. గాయకుడు వెనుకకు చూచి తక్కినది పాడుకొనును. అట్లే, వచ్చిన పాఠమే మరల వచ్చినపుడు యంత్రము “ఇంత దూరము వెనుకకు పోయి, ఇన్ని అక్షరములు తీసికొనుము” అని రెండు సంఖ్యలు మాత్రము వ్రాయును. చదివిన భాగమే నిఘంటువు; దానిని వేరుగా పంపనక్కరలేదు.

1978లో వారే, కొత్తగా కనబడిన పదబంధములకు వరుస సంఖ్యలిచ్చుచు పట్టికను పెంచుకొను మరియొక పద్ధతిని చెప్పిరి. 1984లో టెర్రీ వెల్చ్ దానిని మెరుగుపరచెను. నేటి జిప్ ఫైళ్లలో సాధారణముగా పనిచేయునది మొదటి పద్ధతి సంతతియే. అది 32,768 బైట్ల దూరము వరకు వెనుకకు చూడగలదు.

ఛాయాచిత్రమును కుదించునపుడు కంటికి ఆనని వివరములను వదలివేయుట కలదు. సర్వీసు పుస్తకములోని పుట్టిన తేదీ విషయమున ఆ స్వేచ్ఛ చెల్లదు. ఒక్క అంకె మారినచో ఉద్యోగి పింఛనే చిక్కున పడును. నిఘంటు పద్ధతిని కుదించిన పాఠమును విప్పినపుడు ఒక్క అక్షరమైనను పోదు.

అయితే ఇది మహిమ కాదు. పునరుక్తి లేనిచోట లాభము లేదు. కుదించినదానిని మరల కుదించిన ఫలముండదు. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. పల్లవిలో అచ్చుతప్పు పడినచో ప్రతి చరణము వెంటను ఆ తప్పే పాడవలసివచ్చును. అట్లే కుదించిన ఫైలులో ఒక్క బిట్టు చెడినను, దానిపై ఆధారపడిన భాగమంతయు చెడవచ్చును. అందుచేతనే జిప్ ఫైలులో సరిచూచుకొను సంఖ్య యొకటి ఉంచుదురు. అది తప్పును చూపును గాని దిద్దజాలదు. కావున ముఖ్య పత్రములను కుదించి దాచువారు రెండవ ప్రతిని వేరొకచోట భద్రపరచుకొనవలెనని మనవిచేసి సెలవు తీసికొనుచున్నాను.