దిగులుపడిన ఇంటికి మనము వెళ్లవలెను

పంచాయతీ సభ్యులారా,

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో కె.సి. కాలువ పారు పొలములున్నవి, వానకై ఎదురుచూచు చేలును ఉన్నవి. పైరు పోయినను, ఇంట దీర్ఘవ్యాధి ప్రవేశించినను మనిషి మొదట రచ్చబండకు వచ్చుట మానును. దానిని పొగరని తలచువారు గలరు. అది దిగులు కావచ్చును.

అట్టి ఇంటికి సభ్యుడు స్వయముగా వెళ్లవలెను. పదిమంది యెదుట ఓదార్చుట మా దృష్టిలో మేలుకంటె కీడే. అప్పుల ప్రస్తావన పిమ్మట. నిద్ర పట్టుచున్నదా, అన్నము సహించుచున్నదా అని ముందు అడుగుడు. చావు తలంపు వచ్చుచున్నదా అని సూటిగా అడిగినచో ఆ తలంపు పుట్టునని కొందరు వెరతురు. అది నిజము కాదు. పురుగుమందు డబ్బాలను ఆ ఇంటినుండి తీయించి వేరొకచోట తాళము వేయింపుడు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు, 14416 సంఖ్యకు, ఫోను చేసినచో రుసుము లేకయే తెలుగులో సలహా లభించును.

విషము త్రాగినవారిని కేసు భయముతో ఇంట దాచరాదు. అట్టివారు తీవ్రమైన మనోవ్యథలో ఉన్నట్లు భావింపవలెననియు, శిక్షింపరాదనియు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపక, మందు డబ్బాతోసహా 108 వాహనములో ఆసుపత్రికి చేర్పుడు. కోలుకొని ఊరికి వచ్చినవారిని ఎవరును “ఎందుకు చేసితివి” అని నిలవేయకుండ చూచుటయు మన పనియే.